నల్లమద్దికి కాసే పట్టు!

నోరు ఉండదు. ఆకలి ఉండదు. ఆయుష్షా... వారం, మహా అయితే పది రోజులు. అయినా ఆ రెక్కల పురుగు ఎప్పుడు కళ్లు తెరుస్తుందా అని చెన్నూరు, మహదేవపూర్ అడవి పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఏటా మృగశిర కార్తె కోసం ఎదురుచూస్తుంటాయి. అదే దసలి పట్టుపురుగు!

ఫాల్గుణ మాసం. గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవులన్నీ ఆకులు రాల్చేసి బోసిగా నిలబడి ఉంటాయి. నల్లమద్ది చెట్ల కిందైతే నడుస్తుంటే ఎండుటాకుల చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు. తలెత్తి చూస్తే మాత్రం... అక్కడొకటి, ఇక్కడొకటి కోడిగుడ్డంత కాయలు. చిన్న తొడిమతో కొమ్మను గట్టిగా పట్టుకుని వేలాడుతుంటాయి. ఆకులన్నీ రాలినా ఆ కాయ రాలదు. గాలికి ఊగుతుందే తప్ప ఊడదు. కోసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో కదిలినట్టు లొటలొట శబ్దం.

అది చెట్టుకు కాసిన కాయ కాదు. ఓ గొంగళి పురుగు తన చుట్టూ తాను కట్టుకున్న ఇల్లు. లోపల లొటలొటలాడేది దాని ప్యూపా. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మాత్రం ఇప్పటికీ అందరూ దాన్ని 'కాయ' అనే అంటారు. కాయలు తెంపడం, కాయలు అమ్మడం, కాయ పంట... మాటలన్నీ రైతు మాటలే. మల్బరీ పట్టుగూళ్లను కిలోల్లో తూస్తే దసలి కాయల్ని మాత్రం లెక్కపెట్టి అమ్ముతారు. జార్ఖండ్, బీహార్ వైపు 1280 కాయలకు ఒక 'కహాన్' అని పాతకాలపు లెక్క కూడా ఉంది.

(2016లో జిల్లాలు విడిపోయాక చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి మంచిర్యాల జిల్లాలోకి వెళ్లాయి. మహదేవపూర్, కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లిలో చేరాయి. పురుగుకు ఈ సరిహద్దులతో పనిలేదు కాబట్టి పాత పేర్లతోనే ముందుకెళ్దాం.)

ఇద్దరు దేవతల పేరు

సంస్కృతంలో 'త్రసర' అంటే నేతగాడి నాడె. తసర్ అన్న మాట దాన్నుంచే వచ్చిందంటారు. తెలుగులో అదే దసలి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఆంథీరియా మైలిట్టా. 1773లో డ్రూ డ్రూరీ అనే ఆంగ్లేయుడు ఈ పురుగుకి మైలిట్టా అని నామకరణం చేశాడు. అంతకుముందే, 1758లో లిన్నేయస్ 'పాఫియా' అని ఒక పేరు పెట్టి ఉన్నాడు. రెండూ ఒకే పురుగా, వేర్వేరా అన్న తగువు వర్గీకరణ శాస్త్రంలో చాలాకాలం నడిచింది. ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో ఒక పేరు, కొన్నింట్లో ఇంకో పేరు కనిపిస్తుంది. తమాషా ఏంటంటే పాఫియా అన్నది గ్రీకుల ప్రేమదేవతకున్న పేరు. మైలిట్టా అన్నది అదే దేవతకు బాబిలోనియా వైపు ఉన్న పేరు. అంటే ఇద్దరు పెద్దమనుషులూ ఈ పురుగుని రతీదేవితోనే పోల్చారన్నమాట! దాని జీవితం చూస్తే ఆ పోలిక మరీ అన్యాయమేం కాదనిపిస్తుంది.

భారతీయ వృక్షశాస్త్రానికి పితామహుడనిపించుకున్న విలియం రాక్స్‌బర్గ్ కూడా దసలి పురుగు మీద పెద్ద వ్యాసమే రాశాడు. అంతకుముందు పన్నెండేళ్ల పాటు మన సామర్లకోటలో తోటలు పెంచిన మనిషి ఆయన.

గుర్తుపట్టేదెలా?

వానాకాలం మొదట్లో అడవి పక్క ఊళ్లలో వీధి దీపాల కింద ఒక్కోసారి అరచేతికంటే పెద్ద రెక్కల పురుగు వాలుతుంది. చూసినవాళ్లు 'ఎంత పెద్ద సీతాకోకచిలుకో' అనుకుంటారు. నిజానికి సీతాకోకచిలుక పగటి జీవి. దాని మీసాల చివర గుండుసూది తలలాంటి బొడిపె ఉంటుంది. రాత్రి తిరిగే ఈ పురుగు మీసాలు ఈకల్లా ఉంటాయి. ముందు అది చూసుకోవాలి.

తర్వాత రెక్కలు. దసలి పురుగుకి నాలుగు రెక్కల మీదా నాలుగు గుండ్రటి కళ్లుంటాయి. మధ్యలో పొలుసులు లేకుండా అద్దపు బిళ్లలా ఉంటుందది. వెనకాల దీపం ఉంటే వెలుతురు అందులోంచి కనిపిస్తుంది. ఏటా పత్రికల్లో ఫొటో పడే అట్లాస్ పురుగుకీ ఇలాంటి కిటికీలే ఉంటాయి కానీ, అవి గుండ్రంగా ఉండవు, త్రికోణంలా ఉంటాయి. పైగా దాని రెక్కల కొసలు పాము తలను గుర్తుకుతెస్తాయి. లేతాకుపచ్చ రంగులో వెనక రెక్కలకు పొడవాటి తోకలుంటే అది చంద్ర పురుగు. ఇవన్నీ ఒకే కుటుంబం. మూగా పట్టునిచ్చే పురుగు దసలికి దగ్గరి చుట్టమే అయినా దాని ఊరు అస్సాం. కాబట్టి ఇక్కడ పొరబడే ప్రమాదం లేదు.

ఆడా మగా తేడా చెప్పడం ఇంకా తేలిక. మగ పురుగు ఇటుక రంగులో ఉంటుంది. ఒళ్లు సన్నం, మీసాలు మాత్రం దువ్వెనలా వెడల్పు. ఆడది పసుపు రంగులోనో బూడిద రంగులోనో, కాస్త పెద్దగా ఉంటుంది. పొట్ట బరువుగా, మీసాలు సన్నగా ఉంటాయి. ఆ పొట్ట నిండా గుడ్లే. అంత బరువుతో దూరం ఎగరలేదు. ఎగరాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే...

ఒక్క రాత్రి పెళ్లి

పొద్దుగూకాక కాయలోంచి బయటికొచ్చిన ఆడ పురుగు రెక్కలారబెట్టుకుని కొమ్మను పట్టుకుని కూర్చుంటుంది. పొట్ట చివర్నుంచి ఒక వాసన వదులుతుంది. మనిషి ముక్కుకి అది అందదు. మగ పురుగు వెడల్పాటి మీసాలున్నది దానికోసమే. గాలిలో ఆ జాడ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేస్తుంది. ఒకసారి జతకట్టాయంటే మర్నాడు పొద్దెక్కేదాకా అలాగే ఉంటాయి. ఈ బతుకులో వాటికి తిండి యావే లేదు. తినడానికి పనికొచ్చే నోరే లేదు మరి! గొంగళి పురుగుగా ఉన్నప్పుడు తిని దాచుకున్న శక్తితోనే ఎగరాలి, జతకట్టాలి, గుడ్లు పెట్టాలి, పోవాలి. ఆడ పురుగు రెండు మూడు రాత్రుల్లో నూట యాభై నుంచి రెండొందల దాకా గుడ్లు పెడుతుంది.

ఇదంతా అడవిలో దానంతటది జరిగిపోయేదే. రైతు దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఏడాది చివరి పంటలోంచి మంచి కాయల్ని ఏరి, దండలుగా గుచ్చి, గాలాడే ఇంట్లో దూలాలకు వేలాడదీస్తారు. వానలు పడగానే దండల్లోంచి పురుగులు రావడం మొదలవుతుంది. మగవి ఎక్కువగా ముందొస్తాయి. ఆడవి ఆలస్యం చేస్తాయి. నాలుగు రోజులు తేడా వచ్చిందంటే ముందొచ్చిన మగవి అలసిపోతాయి, ఆడవాటికి జతే దొరకదు. జతకట్టని ఆడది పెట్టే గుడ్లు పొదగవు. గుడ్ల కేంద్రంలో పనిచేసేవాళ్లకు ఆ రోజుల్లో రాత్రుళ్లు నిద్ర ఉండదు.

నాలుగు జ్వరాలు, నలభై రోజులు

గుడ్డు తొమ్మిది పది రోజుల్లో పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల నల్లటి తలతో, గోధుమ రంగు ఒళ్లుతో దారపుముక్కలా ఉంటుంది. దాన్ని నల్లమద్ది లేత కొమ్మ మీదో, వాగుల ఒడ్డున పెరిగే తెల్లమద్ది మీదో వదలాలి. రేగు, చెన్నంగి ఆకులు కూడా తింటుంది కానీ, మద్ది ఉంటే మరో చెట్టు జోలికి పోదు.

పెరిగే కొద్దీ ఒంటి తోలు ఇరుకవుతుంది. తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. మల్బరీ రైతులు దీన్ని 'జ్వరం' అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నిజంగా జ్వరమేం కాదు, పాత తోలు విడిచి కొత్తది తొడుక్కోవడం. నాలుగు జ్వరాలు దాటి ఐదో దశకొచ్చేసరికి చూపుడు వేలి కన్నా లావుగా, ఆకుపచ్చగా నిగనిగలాడుతుంటుంది. పక్కల మీద వెండి చుక్కలు మెరుస్తుంటాయి. పుట్టినప్పటి బరువుకి కొన్ని వేల రెట్లు పెరిగి ఉంటుంది. మొత్తం జీవితంలో తినే ఆకులో ఎక్కువ భాగం ఈ చివరి దశలోనే తినేస్తుంది. చెట్టు కింద నిలబడితే ఆకు కొరికే చప్పుడు, పెంటికలు రాలే చప్పుడు చక్కగా వినిపిస్తాయి.

అదిగో, కష్టమంతా అక్కడే. ఇంత నున్నగా బలిసిన పురుగు ఆరుబయట చెట్టు మీద ఉంటే ఊరుకునేదెవరు? కాకులు, ఇతర పక్షులు, చీమలు, కందిరీగలు. ఊజీ ఈగ అని ఇంకోటి, పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పోతుంది. దాని పిల్ల లోపలికి దూరి, పురుగుని లోపల్నుంచి తినేస్తుంది. కాయ కట్టాక గానీ నష్టం బయటపడదు. సూదిలాంటి నోటితో పురుగులోని రసం పీల్చేసే నల్లులూ ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు ఎడతెరిపి లేని వాన, లేదంటే అసలు పడని వాన.

అందుకే నెల నుంచి నలభై రోజుల పాటు రైతు కుటుంబం అడవిలోనే కాపురం పెడుతుంది. గుడిసె వేసుకుని, వడిసెల పట్టుకుని, తెల్లవారుజాము నుంచి చీకటిపడే దాకా కాకుల్ని తోలుతూ తిరగాలి. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మల్ని కోసి ఇంకో చెట్టు మీద పెట్టాలి. చేత్తో పీకితే పురుగు కాళ్లు తెగుతాయి. మధ్య భారతంలోని అడవుల్లో ఈ రోజుల్లో మాంసం ముట్టకుండా, ఒంటిపూట తింటూ వ్రతంలా గడిపే ఆచారం ఉంది. ఎంత చేసినా విడిచిన పురుగుల్లో సగం కాయ కట్టకుండానే పోయాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. గోండులు, కోలాములు, నాయకపోడులు, దళిత కుటుంబాలు... పోడు, పత్తి మధ్య దొరికే ఈ నాలుగు కాసుల కోసం ఇంత కష్టమూ పడతారు.

గట్టి మేస్త్రీ!

కాయ కట్టే పద్ధతి చూసి తీరాలి. కడుపులో ఉన్న మలినమంతా వదిలేసుకుని, పురుగు ముందు మంచి చోటు వెతుక్కుంటుంది. రెండు మూడు ఆకుల్ని దారంతో దగ్గరికి లాగి ఊయల లాంటిది చేసుకుంటుంది. అంతటితో పని మొదలెట్టదు. ఆకు ఎప్పటికైనా రాలేదే కదా! అందుకని ఊయల్లోంచి బయటికి పాకి, కొమ్మ చుట్టూ దారం చుట్టి ఉంగరం కడుతుంది. ఆ ఉంగరం నుంచి కిందికి ఒక తొడిమ దింపుతుంది. అప్పుడుగానీ లోపలికెళ్లి తల అటూ ఇటూ తిప్పుతూ గూడు అల్లడం మొదలుపెట్టదు. చివర్లో ఒక ద్రవం వదిలి గోడలకు పూస్తుంది. అందులో కాల్షియం ఆక్సలేట్ ఉంటుంది. అది ఆరాక కాయ పెంకులా గట్టిపడుతుంది. మల్బరీ గూడులాగా దీన్ని ఉత్త వేడినీళ్లలో వేస్తే దారం రాదు. సోడా వేసి ఉడకబెట్టాల్సిందే.

మరి ఇంత గట్టి గూట్లోంచి పళ్లూ నోరూ లేని పురుగు బయటికెలా వస్తుంది? ఈ సంగతి 1964లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఫోటిస్ కఫాటోస్, కరోల్ విలియమ్స్ తేల్చారు. దసలి పురుగు చుట్టాల మీదే వాళ్ల ప్రయోగాలు. బయటికి రావడానికి ముందే పురుగు ముఖం మీద ఒక ఎంజైము స్ఫటికాల్లా పేరుకుంటుంది. సమయం వచ్చాక నోటి దగ్గర్నుంచి ఊరే ద్రవంలో అది కరిగి, దారాలను అతికించే జిగురును జీర్ణం చేసేస్తుంది. దారం మాత్రం తెగదు! పురుగు దారాల్ని పక్కకు తోసుకుని వస్తుంది. 'పురుగు కాయను కొరికి బయటికొస్తుంది' అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది కానీ, కొరకడానికి దాని దగ్గర సరంజామానే లేదు.

అయినా చిల్లుపడ్డ కాయ నుంచి ఏకధాటిగా దారం లాగడం కుదరదు. దాన్నుంచి గీచా, కటియా లాంటి వడికిన నూలు తీస్తారు. నిగనిగలాడే దారం కావాలంటే పురుగు రాకముందే ఎండకో ఆవిరికో పెట్టి లోపలి ప్రాణం తీయాలి. పట్టులోని ఈ బాధ చాలామందిని కలచివేసింది. పురుగును చంపకుండా నేసే అహింసా పట్టుతో పేరు తెచ్చుకున్న కుసుమ రాజయ్య మన తెలుగువాడే. ఇక దారం తీసే ఆడవాళ్ల బాధ ఇంకోటి. దేశంలో చాలాచోట్ల తొడ మీద రుద్దుతూ దసలి దారం పేనేవారు. చర్మం ఒరుసుకుపోయేది. దాన్ని మాన్పించడానికే కేంద్ర సిల్క్ బోర్డు 'బునియాద్' యంత్రాలు తెచ్చింది.

రోహిణి ఎండల్లో నిద్ర

ఆంధ్రా లోకల్ రకానికి ఏడాదికి మూడు పంటలు. జూన్, జులైల్లో మొదటిది, ఆగస్టు, సెప్టెంబర్లలో రెండోది, అక్టోబర్ నుంచి మూడోది. మొదటి రెండు పంటల్లో కాయలోని ప్యూపా మూడు వారాలు తిరిగేసరికి రెక్కల పురుగై వచ్చేస్తుంది. మూడో పంట ప్యూపా మాత్రం రాదు. నిద్రపోతుంది. డిసెంబరు చలి, మార్చి గాలులు, రోళ్లు పగిలే రోహిణి ఎండలు... అన్నీ ఆ కాయలోనే. దాదాపు ఆరు నెలలు! మద్ది చెట్టుకి అప్పుడు ఆకుండదు. పిల్లలు పుడితే తినేదేముంది? ఆకు చిగురించేదాకా ఆగాలని పురుగుకి ఎవరు చెప్పారో!

చుట్టమైన చైనా ఓక్ పట్టుపురుగులో ఈ గుట్టు కొంత విప్పారు. దాని ప్యూపా తల మీద కాస్త పల్చటి కిటికీ లాంటి చోటుంది. అందులోంచి పడే వెలుతురుతో మెదడే పగటి పొడవును కొలుచుకుంటుందని కరోల్ విలియమ్స్ బృందం చూపించింది. మన దసలి పురుగు విషయంలో ఎండ, తేమ, వాన కూడా లెక్కలోకొస్తాయి.

రైతుకి ఆ లెక్కే ప్రాణం. మార్చి, ఏప్రిల్లో అకాల వాన పడి గాలి చల్లబడిందంటే దండల్లోని కొన్ని పురుగులు 'వానాకాలం వచ్చేసింది' అనుకుని బయటికొచ్చేస్తాయి. ఆకు లేదు, జత లేదు. విత్తనం వృథా. ఎండలు మరీ ముదిరితే లోపలే మాడిపోయేవీ ఉంటాయి. అసలే రామగుండం ఎండలు... వేరే చెప్పాలా? రుతువులు తారుమారయ్యే కొద్దీ ఈ నష్టం రైతు నెత్తిన పడుతుంది.

పాశ్చర్ నేర్పిన పాఠం

విత్తనపు కాయలు మంచివైనా ఇంకో గండం ఉంది. పెబ్రిన్. కంటికి కనిపించని సూక్ష్మజీవి తల్లి కడుపులోంచే గుడ్డులోకి చేరుతుంది. ఆ గుడ్లు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, పిల్లలూ పుడతాయి. తర్వాత ఒక్కొక్కటే రాలిపోతాయి. పక్క పురుగులకూ అంటుకుంటుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ జబ్బు ఫ్రాన్స్ పట్టు పరిశ్రమను తుడిచిపెట్టేంత పని చేసింది. 1865లో ప్రభుత్వం లూయీ పాశ్చర్‌ని పంపింది. ఆయనకు పట్టుపురుగు గురించి ఓనమాలు తెలియవు! కీటకాల పెద్దాయన జాన్ హెన్రీ ఫాబర్ ఇంటికెళ్లి పట్టుగూడు చూపించమని అడిగాడు. చెవి దగ్గర ఊపి చూసుకుని, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయాడని ఫాబరే రాసుకున్నాడు. ఆ మనిషే ఐదేళ్లలో విరుగుడు చెప్పాడు. మందు కాదు, పద్ధతి. గుడ్లు పెట్టిన తల్లిని నూరి, ఆ రసాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. మెరిసే కోలటి బీజాలు కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చేయాలి.

నూట యాభై ఏళ్లు దాటినా ఇంతకంటే మంచి పద్ధతి పల్లెకు రాలేదు. చెన్నూరు ప్రాంతపు గుడ్ల కేంద్రాల్లో చేసేదీ ఇదే. తల్లి పొట్ట కత్తిరించి, చిన్న రోట్లో నూరి, ఒక్క చుక్క గాజుపలక మీద. తర్వాత గుడ్లను ఫార్మాలిన్ నీళ్లతో కడిగి రైతుకిస్తారు. 'రోగం లేని గుడ్లు' అన్న ఆ మాట మీద నమ్మకంతోనే నలభై రోజులు అడవిలో కాపలా కాయడానికి రైతు బయల్దేరతాడు. ఇక్కడ ఒక్కరు బద్ధకించినా అక్కడ చెట్లు చెట్లే ఖాళీ అవుతాయి.

మనదంటూ ఒక రకం

దేశంలో దసలి పురుగు రకాలు నలభైకి పైగా ఉన్నాయి. జార్ఖండ్‌లో డాబా, బస్తర్ సాల అడవుల్లో రైలీ, ఒడిశాలో మోడల్, గోదావరికి ఎగువన మహారాష్ట్రలో భండారా. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్ అడవుల్లోది 'ఆంధ్రా లోకల్'. కాయ చిన్నది. కానీ ఇక్కడి ఎండనీ మద్ది ఆకునీ తరతరాలుగా అలవాటు చేసుకున్నది. రైతుకి మాత్రం పెద్ద కాయంటేనే ఆశ. అందుకే డాబా గుడ్లు ఇక్కడికీ వచ్చాయి. పెద్ద కాయ ఎక్కువ పలికితే చిన్న కాయను పెంచేదెవరు? పెంచేవాళ్లు తగ్గితే విత్తనం తగ్గుతుంది. పైగా రెండు రకాలూ పక్కపక్క చెట్ల మీద పెరిగితే రాత్రిపూట ఎగిరే మగ పురుగుకి ఇది డాబా, ఇది లోకల్ అన్న భేదం ఉండదు. కలిసిపోతాయి.

వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆంధ్రా లోకల్ పురుగుని ఇంట్లోనే, కొమ్మలు తెచ్చి మేపుతూ కాయ కట్టేదాకా పెంచే ప్రయోగాలు చేశారు. కాకి భయం, వాన భయం ఉండవు. కానీ అడవి పురుగాయె. గదిలో గుంపుగా ఉంచితే జబ్బులు తొందరగా అంటుకుంటాయి. రోజూ ఆకు కోసి మోయాలి. అందుకే పిల్లదశలో కొన్నాళ్లు వల కిందో నీడలోనో కాపాడి, రెండు మూడు జ్వరాలు దాటాక చెట్టెక్కించడమే నడుమ మార్గమని చాలామంది మాట.

విత్తనం దాచుకోవడమంటే వడ్లలాగా గంపలో పోసి మూత పెట్టేది కాదిది. మూడో పంటలో రైతు కొన్ని కాయల్ని అమ్ముకోకుండా ఆపాలి. వేసవంతా దండల్ని నీడలో, తడి గోనెపట్టాల చల్లదనంలో కాపాడాలి. ఎలుక కొట్టకుండా చూడాలి. అడవిలో కొమ్మకు వేలాడుతూ మిగిలిన కాయలు ఇంకా ఉండాలి. అవి ఉండాలంటే నల్లమద్దులు ఉండాలి. చేతిలో డబ్బుల్లేని డిసెంబరు నెలలో, వ్యాపారి గుమ్మంలో నిలబడి ధర చెబుతుంటే, వెయ్యి కాయల్లో ఎన్నింటిని దండకు గుచ్చాలో రైతే తేల్చుకోవాలి.